పద్మాక్షి గుట్ట దారిలో పిండి గుర్తులు

హనుమకొండ,
దసరా వెళ్లిన రెండో వారం.

ప్రియమైన మిత్రునికి,

మొన్న ఆదివారం పద్మాక్షి గుట్ట దగ్గర మేము చేసిన నడక గురించి ఫోనులో సగం చెప్పేలోపే నీకు షిఫ్టు వేళయింది. మిగతాదంతా ఉత్తరంలో రాస్తానని మాట ఇచ్చాను కనుక, ఇంట్లో అందరూ పడుకున్నాక తీరిగ్గా కూర్చున్నాను. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా చుట్టాల ఇళ్లు, పెండ్లిళ్లు, బ్యాంకు పనులతోనే రోజులన్నీ గడిచిపోయేవి. ఈసారి మాత్రం కౌలాలంపూర్‌లో నేర్చుకున్న ఒక మంచి పద్ధతిని మన ఊరివాళ్లకు చూపించి పోవాలని బయలుదేరేటప్పుడే గట్టిగా అనుకున్నాను.

అక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారాలు ఎంత భారంగా గడిచేవో నీకు తెలియనిది కాదు. ఆ రోజుల్లోనే మా ఆఫీసులోని ఒక తమిళ పెద్దాయన నన్ను హ్యాష్ హౌస్ హారియర్స్ వాళ్ల నడకకు వెంటబెట్టుకొని పోయారు. ఆ క్లబ్బు పుట్టింది కౌలాలంపూర్‌లోనే, 1938లో. అప్పటి మలయాకు ఉద్యోగాల మీద వచ్చిన బ్రిటిష్ వాళ్లు కొందరు, తమ దేశంలో బడిపిల్లలు ఆడే ఒక పాత ఆటను ఆధారం చేసుకొని దాన్ని మొదలుపెట్టారు. ముందు పోయేవాడు కాగితం ముక్కలు చల్లుకుంటూ పోతే, మిగతావాళ్లు ఆ ముక్కల జాడ పట్టుకొని వెంటపడడమే ఆ ఆట. మొదలుపెట్టిన వారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ గిస్పర్ట్ అనే అకౌంటెంటు. ఆయన 1942లో సింగపూర్ యుద్ధంలో చనిపోయారు. యుద్ధం ముగిశాక మిగిలిన మిత్రులు క్లబ్బును మళ్లీ నిలబెట్టారు. ఈనాడు ఎన్నో దేశాల్లో అటువంటి క్లబ్బులున్నాయి. 1950లో వాళ్లు రాసుకున్న ఆశయాల్లో ఒకటి నాకు ఎంతో నచ్చింది: పెద్ద వయసు సభ్యులకు, తాము అనుకుంటున్నంత ముసలివాళ్లం కామన్న నమ్మకం కలిగించడం. పరాయి ఊరికి పొట్టచేత పట్టుకొని వచ్చినవాళ్లే పెట్టుకున్న క్లబ్బు కనుకనో ఏమో, కొత్తగా వచ్చినవాణ్ణి కలుపుకోవడం దానికి బాగా తెలుసు. రబ్బరు తోటల్లో జలగలను దులుపుకుంటూ నడిచిన ఆ మొదటి సాయంత్రమే నలుగురు నన్ను పేరుపెట్టి పిలిచారు.

ఇక అది నడిచే తీరు వివరంగా రాస్తాను, ఎందుకంటే అసలు గొప్పతనమంతా అందులోనే ఉంది. ముందుగా ఒకరిద్దరు వెళ్లి, నడవాల్సిన దారి పొడవునా గుర్తులు వేసి వస్తారు. మలేషియాలో ఎక్కువగా కాగితం ముక్కలు వాడతారు, చాలా చోట్ల గోధుమపిండి వాడతారు. ఆ గుర్తులు ఆగకుండా చివరిదాకా సాగితే కాళ్లలో బలమున్నవాళ్లు గంటలో ముగించుకొని ఇంటికి పోతారు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఒంటరిగా వెనకబడతారు. అందుకే అక్కడక్కడ ఒక పెద్ద సున్నా గీసి, దారిని అక్కడితో తెంచేస్తారు. ఆ సున్నా దగ్గరి నుంచి దారి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. వేగంగా పరుగెత్తేవాళ్లు తలో దిక్కుకు పోయి వెతకాలి. కొన్ని దిక్కుల్లో నాలుగైదు గుర్తులు కనిపించి ఆశపెట్టి, చివరకు అడ్డంగా గీసిన గీతతో ముగుస్తాయి. అంటే అది తప్పుదారి, వెనక్కి రావలసిందే. వాళ్లు అట్లా తిరిగి తిరిగి అసలు దారి పట్టేలోపు, నిదానంగా నడిచేవాళ్లు కూడా సున్నా దగ్గరికి చేరుకుంటారు. దారి దొరికినవాడు గట్టిగా కేక వేస్తాడు, అందరూ మళ్లీ కలిసి కదులుతారు. కుర్రవాడు తొమ్మిది కిలోమీటర్లు పరుగెత్తినా, పెద్దాయన ఐదు కిలోమీటర్లే నడిచినా, ఇద్దరూ ఇంచుమించు ఒకే వేళకు గమ్యం చేరుతారు. ఇందులో గెలుపు లేదు, ఓటమి లేదు, ఎవరూ గడియారం చూసుకోరు.

మన హనుమకొండలో పొద్దున్నే నడిచేవాళ్లకు కరువు లేదు. పబ్లిక్ గార్డెన్‌లోనూ, ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనూ, భద్రకాళి చెరువు కట్ట మీదా తెల్లవారకముందే జనం ఉంటారు. కానీ రిటైరైన సార్లది ఒక గుంపు, ఆడవాళ్లది ఒక గుంపు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకొని ఎవరికి వారే. ఏండ్ల తరబడి ఒకే మైదానంలో తిరుగుతూ కూడా వీళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. అందుకే మా వీధి చివర ఉండే రిటైర్డు హిస్టరీ సార్‌ను, పక్కింటి అక్కను, మైదానంలో పరిచయమైన కుర్రవాళ్లను ఒప్పించి, వాళ్ల ద్వారా మరికొందరిని పోగుచేశాను.

ఆ ఆదివారం చీకటితోనే నేను, మా తమ్ముడు గుట్ట కిందికి వెళ్లాము. ముగ్గు వాడదామని తమ్ముడు అన్నాడు గాని, అంగట్లో దొరికే ముగ్గు రాతిపొడి. అది బండల మీద చాలా రోజులు తెల్లగా మిగిలిపోతుంది. బియ్యప్పిండి అయితే చీమలు తినిపోతాయి, వానకు కరిగిపోతుంది. పద్మాక్షి అమ్మవారి గుడి దగ్గరా, చెక్కిన బొమ్మలున్న బండల దగ్గరా పిడికెడు పిండి కూడా పడనీయకూడదని ముందే నిర్ణయించుకున్నాము. తంగేడు పొదల మొదట్లో, కాలిబాట పక్కన, సీతాఫలం చెట్ల నీడలో మాత్రమే వేసుకుంటూ పోయి, చివరి గుర్తు వేసి వెనుదిరిగేసరికి ఒక మేకల మంద మాకు ఎదురైంది. కాలిబాట పక్కన మేము వేసిన పిండిని ఒక మేక శ్రద్ధగా నాకుతున్నది. దాని మూతి మీది వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి. మందను తోలుతున్న ముసలాయన సంగతంతా విని, మేకలను మరో పక్కకు మళ్లించడమే గాక, పోయిన గుర్తు తానే మళ్లీ వేస్తానని పిండి అడిగి తీసుకున్నాడు.

నడక మొదలైన తీరు చూస్తే నీవు మురిసిపోయేవాడివి. మొదటి సున్నా దగ్గర కుర్రవాళ్లకు దారి ఇట్టే దొరికింది. రెండో సున్నా దగ్గర ముగ్గురు పల్లం వైపు దూసుకుపోయారు, ఇద్దరు బండలెక్కారు. అందరికీ అడ్డగీతలే ఎదురయ్యాయి. అంతలో మెల్లగా వచ్చి చేరిన పక్కింటి అక్క, రొప్పు తీర్చుకుంటూ చుట్టూ చూసి, సీతాఫలం పొద వెనక రాలిన ఆకుల మీద చారెడు పిండిని కనిపెట్టి "ఇగో, ఇక్కడున్నది!" అని గుట్ట మారుమోగేటట్లు కేక వేసింది. కుర్రవాళ్లు వెనక్కి పరుగెత్తి వచ్చి ఆమె వెంట నడిచారు. ఆ తరువాత ప్రతి సున్నా దగ్గరా "అక్కా, నువ్వు చూడు" అని ఆమె కోసం ఆగడం మొదలుపెట్టారు.

గుడి దగ్గర గుర్తులు లేవు కనుక అక్కడ అందరమూ కాసేపు నిలిచాము. నాలుగు పలకలుగా ఉండి, నాలుగు పక్కలా శాసనం చెక్కిన ఆ నల్లరాతి స్తంభాన్ని మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ దాని కథ మనకు ఎవరూ చెప్పలేదు. అది 1117 నాటిదని, కాకతీయ రాజు ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ ఆ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని కట్టించిన సంగతి అందులో ఉన్నదని సార్ వివరించారు. ఏటా బతుకమ్మ పండుగకు అక్కడికి వచ్చే అక్క, తాను పూజించే అమ్మవారి గుట్ట ఒకప్పుడు జైనుల బసది అని, అది కట్టించింది ఒక ఆడమనిషి అని తెలుసుకొని, ఆ అక్షరాలను వేలితో తాకబోయి చేయి వెనక్కి తీసుకుంది. కుర్రవాళ్లలో ఒకడు, పోటీ పరీక్షల కోసం కాకతీయుల వంశక్రమమంతా బట్టీపట్టినవాడు, సార్‌ను ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ అక్కడి నుంచి భద్రకాళి కట్ట దాకా ఆయన అడుగులోనే అడుగు వేసి నడిచాడు. మామూలుగా ఆ పిల్లవాడి పరుగుకు సార్ నడక ఏ మూలకూ రాదు. అయినా ఇద్దరూ కలిసే చేరారు. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే.

చివర వలయంగా నిలబడి, దారి వేసినవాళ్లను, కొత్తవాళ్లను పేరుపేరునా పలకరించుకోవడం ఆ క్లబ్బు ఆచారం. అక్కడ బీరు తప్పనిసరిగా కనిపిస్తుంది గాని, తాగనివాణ్ణి ఎవరూ బలవంతపెట్టరు. నేను ఏనాడూ తాగలేదు. కట్ట మీద మాకు చాయ్, ఇద్దరు ముగ్గురు ఇండ్ల నుంచి తెచ్చిన సర్వపిండి సరిపోయాయి. మైదానంలో రోజూ ఎదురుపడేవాళ్లే తొలిసారి ఒకరి ఊరు ఒకరు అడుగుతుంటే, ఇంతదూరం వచ్చిన నా సెలవు సార్థకమైందనిపించింది.

నేను కౌలాలంపూర్‌కు తిరిగి పోయాక కూడా ఇది ఆగకూడదు. తరువాతి దారిని సార్, ఆ కుర్రవాడు కలిసి వేస్తామన్నారు. నేను పోయేలోపు ఒక నడక మీ భూపాలపల్లి వైపు, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో పెట్టుకోవాలని ఉంది. 1990లో వెలుగులోకి వచ్చిన అక్కడి ఆదిమానవుల రాతి చిత్రాలను మనవాళ్లలో చాలామంది ఇంతవరకు చూడలేదు. చిత్రాలున్న గుహల చాయలకు పిండి తీసుకుపోము. అటవీశాఖ అనుమతి సంగతి నేను చూసుకుంటాను. ఆ దారులు నీకు తెలిసినంతగా నాకు తెలియవు కనుక, గుర్తులు వేసే బాధ్యత నీదే. మీ గనిలో ప్లే డే (వారపు సెలవు) రోజునే పెట్టుకుందాము. నీకు వీలయ్యే ఆదివారం ఏదో వెంటనే రాయి. బూట్లు మాత్రం అడుగు జారనివి వేసుకో, ఇసుకరాయి మీద నునుపు బూట్లు నిలవవు. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. వాళ్లనూ వెంట తీసుకురా.

ఇట్లు,
నీ మిత్రుడు