మన రచయితల పుస్తకాలకు బీరువా తాళం తీయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు పక్క సందులో చిన్న కుట్టు షాపు నడుపుకుంటున్నాను. రోజూ మీ పేపరు చదువుతాను గానీ ఉత్తరం రాయడం ఇదే మొదలు. మా దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి ఈమధ్య కొత్త పుస్తకాలు వచ్చాయి, అందులో ఓ ముప్పై దాకా మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు వాళ్లు రాసినవే. అన్ని మనవాళ్ల పుస్తకాలు ఒక్కసారే అక్కడ చూడడం నాకు తెలిసి ఇదే. ఆ సంతోషం మీతో చెప్పాలి, దాని వెంటే ఒక బాధ కూడా ఉంది, అదీ చెప్పాలి.

పదేళ్లుగా ఆ లైబ్రరీకి వెళ్తున్నాను. మధ్యాహ్నం కుట్టే పని కుట్టేసి, సాయంత్రం తలుపులు తెరిచే వేళకి వెళ్లి, ఒక వారపత్రిక తిరగేసి, ఒక నవల ఇంటికి తెచ్చుకుంటాను. హాలు నిండా పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలే ఉంటారు, పాపం వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుని ఫ్యాను కింద చోటు కోసం ముందుగానే వచ్చి కూర్చుంటారు. కథల పుస్తకాల బీరువాల వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఉన్న నవలలు కూడా ఎప్పటివో, అట్టలు ఊడిపోయి, కొన్నిటికి చివరి పేజీలు లేక కథ ఎలా ముగిసిందో తెలియదు. అలాంటి చోట ఆ రోజు వెళ్లేసరికి అద్దాల బీరువాలో కొత్త పుస్తకాలు నిలబెట్టి ఉన్నాయి. అద్దం మీద కాగితం అంటించి 'మన ప్రాంత రచయితలు' అని స్కెచ్ పెన్నుతో రాశారు.

తాళం తీయించుకుని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఇంకా అచ్చు వాసన పోలేదు. పేర్లు రాస్తే ఒకరిది రాసి ఇంకొకరిది వదిలేశానని నొచ్చుకుంటారు కాబట్టి ఏ పుస్తకమో చెప్పను. మొదటి కథ పలాస దగ్గర జీడిపిక్కల పని చేసే ఆడవాళ్ల గురించి. పిక్క కొట్టేటప్పుడు దాని జిడ్డు తగిలి వేళ్లు నల్లబడతాయి కదా, ఆ నలుపు పెళ్లి చూపుల రోజు కూడా పోక ఒక అమ్మాయి చేతులు చీర కుచ్చిళ్లలో దాచుకుంటుంది. అది చదివి కదల్లేకపోయాను. మా పిన్ని చేతులు అలాగే ఉండేవి. అన్నం కలిపి పెట్టాలంటే సిగ్గుపడి మాకు చెంచాతో పెట్టేది. పదేళ్లలో ఎన్నో నవలలు చదివాను, విదేశాల్లో జరిగిన కథలూ చదివాను, ఏ పుస్తకంలోనూ మా పిన్ని చేతులు కనపడలేదు.

ఇంక ఆ భాష. 'బేగి రా గుంటా', 'ఏటే, ఎలగున్నావు', 'అదొగ్గీ', 'చోడంబలి తాగెల్లు' ఇవన్నీ అచ్చులో. మేం స్కూల్లో ఇలా మాట్లాడితే తప్పు అని సరిదిద్దేవారు, నవ్వేవారు. సినిమాల్లో మన యాసని నవ్వించడానికే పెడతారు. ఈ పుస్తకంలో ఒక మనిషి అదే యాసలో తన కొడుకు వలస పోయిన సంగతి చెప్పుకుని ఏడుస్తాడు, చదివేవాళ్లకి ఎక్కడా నవ్వు రాదు. బుగత (ఆసామి), కంబారి (పాలేరు), కల్లం లాంటి మాటలు మా అమ్మ నోట విన్నాను తప్ప మా అమ్మాయికి తెలియవు. అది తొమ్మిదో తరగతి చదువుతోంది. కంబారి అంటే ఏమిటని అడిగితే కంపెనీ పేరా అంది. దాని తాత కంబారిగా బతికిన మనిషి.

ఆ పుస్తకం మా అమ్మకి చూపించాలనిపించింది. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది, కూడబలుక్కుని చదువుతుంది, మోకాళ్ల నొప్పుల వల్ల లైబ్రరీ మెట్లు ఎక్కలేదు. నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "ఇవి ఇంటికి ఇవ్వడానికి లేదమ్మా, ఇక్కడే కూర్చుని చదువుకోవాలి" అన్నారు. అర్థం కాక పుస్తకం వెనక అట్ట తిప్పి చూశాను. తేదీలు వేసే కాగితం అంటించే ఉంది, దాని మీద ఒక్క తేదీ కూడా లేదు.

అక్కడ పని చేసే ఆయన మంచి మనిషి. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. కారణం అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఈ పుస్తకాలు ఒక్కో కాపీయే వచ్చాయి, చాలావరకు రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేసుకున్నవి, పోతే మళ్లీ కొందామన్నా బజారులో దొరకవు, లెక్క చూసినప్పుడు పుస్తకం తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది తనే. ఆ టెన్షన్ నాకు అర్థమైంది. ఆ భయం పోగొట్టాల్సింది పైవాళ్లే.

దాచి ఉంచే పని చెయ్యడానికి మన ఊళ్లో ఒక గొప్ప చోటు ఉంది. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం అనే కథల గ్రంథాలయం తెరిచారు. మురపాకలో పుట్టి బడిపంతులుగా బతికిన మనిషి, తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక్క చోట ఉండాలని పాత పత్రికల కోసం ఎక్కడెక్కడో వెతికించారు. 2021 జూన్ 4న ఆయన పోయారు గానీ కథానిలయం నిలబడే ఉంది, పరిశోధన చేసేవాళ్లు దూరాల నుంచి అక్కడికి వస్తారు. ఒక కథ ఎప్పటికీ పోకుండా ఉండాలంటే అలాంటి చోటే ఉండాలి. శాఖా గ్రంథాలయం చెయ్యాల్సిన పని వేరు. అక్కడి పుస్తకం చేతులు మారాలి, సంచిలో పడాలి, వంటగది గట్టు మీద పసుపు మరక అంటించుకుని తిరిగి రావాలి. ఒక్క కాపీ ఉన్నప్పుడు భయం సహజమే, కాబట్టి రెండు కాపీలు పెట్టండి. ఒకటి బీరువాలో ఉంటుంది, ఒకటి ఊళ్లో తిరుగుతుంది.

డబ్బు ఎక్కడిదంటారేమో. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఏడాదికి 2,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు 160 రూపాయలు ఒక్క లైబ్రరీ కోసమే ఇస్తోంది. నేను చూసిన ఈ పుస్తకాల్లో చాలావాటి ధర 100, 150 రూపాయలే, అంటే ఒక ఇంటి సెస్సుతో ఒక పుస్తకం వస్తుంది. జీతాలు, కరెంటు, అద్దెలు ఉంటాయని తెలుసు. అయినా కొనే జాబితా రాసేటప్పుడు పెద్ద ఊళ్ల ప్రచురణకర్తల కేటలాగులతో పాటు మన మండలంలో ఈ ఏడాది ఎవరు ఏం రాశారో కూడా ఒక్కసారి చూడాలి. సొంతంగా అచ్చు వేసుకున్న మాస్టారికి కేటలాగు ఉండదు, ఏజెంటు ఉండడు. ఆవిష్కరణ సభలో శాలువా కప్పుతారు, వచ్చినవాళ్లకి తలో కాపీ ఉచితంగా ఇచ్చేస్తారు, మిగిలిన కట్టలు ఇంట్లో మంచం కింద ఉంటాయి. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడ భర్త కవి. వాళ్లింట్లో ఆ కట్టలు చూశాను, రెండిటికి చెద కూడా పట్టింది. పాఠకులు పక్క వీధిలోనే ఉన్నారు, వాళ్లకి ఆ పుస్తకం వచ్చిన సంగతే తెలియదు.

ఇది తెలుగుకి పెద్ద పని చేసిన నేల అండి. మనుషులు మాట్లాడుకునే భాషలోనే రాయాలి, చదవాలి అని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న పుట్టింది మన పర్వతాలపేటలోనే, ఆ తేదీనే ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. గురజాడ అప్పారావు గారు విజయనగరంలో కూర్చునే కన్యాశుల్కం రాశారు, 1892లో మొదట ఆడిందీ ఆ ఊళ్లోనే. కథలు రాసిన చాగంటి సోమయాజులు గారు ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఈ పేర్లు సభల్లో ఘనంగా చెప్పుకుంటాం, దండలు వేస్తాం. ఈరోజు అదే నేల మీద కూర్చుని రాస్తున్నవాళ్ల పుస్తకం ఇంటికి తీసుకెళ్తానంటే లేదనడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

నాకు తోచిన ఇంకో మాట. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకి వ్యాసరచన, ముగ్గుల పోటీలు పెట్టి స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు బహుమతిగా ఇస్తారు, మా అమ్మాయికి రెండుసార్లు డబ్బాలే వచ్చాయి. వాటి బదులు మన జిల్లా రచయితల పుస్తకాలు ఇవ్వండి, రాసినవాళ్ల చేతే సంతకం పెట్టించి ఇప్పించండి. ఆ డబ్బుతో రచయిత దగ్గర ఇరవై కాపీలు కొన్నట్టూ అవుతుంది. పుస్తకం రాసిన మనిషి తన ఊళ్లోనే, తను ఎక్కే బస్సులోనే ఉంటాడని పిల్లలకి తెలుస్తుంది. మా అమ్మాయి ఇప్పటికీ రచయితలంటే ఫొటోల్లో ఉండే చనిపోయినవాళ్లే అనుకుంటోంది, వాళ్ల పాఠ్యపుస్తకంలో అలాగే ఉంటారు మరి.

రచయితలకీ ఒక విన్నపం. దయచేసి ఒక్క కాపీ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోకండి. మూడు కాపీలు ఇవ్వండి, ఇస్తూ ఇవి జనం ఇంటికి తీసుకెళ్లి చదవాలని రాసి ఇవ్వండి. లేదంటే పోతే డబ్బు కట్టేలా నాలాంటివాళ్ల దగ్గర డిపాజిట్టు తీసుకోమనండి. పుస్తకం ధరకి రెండింతలు కట్టమన్నా కడతాను. పాతిక రూపాయల గుడ్డ ముక్క పోతేనే కుట్టు షాపులో ఎంత గొడవవుతుందో నాకు తెలుసు, ఒకరి సొత్తు జాగ్రత్తగా చూసి తిరిగి ఇవ్వడమే నా బతుకు.

ఆ రోజు అక్కడే బెంచీ మీద కూర్చుని కథ సగం చదివాను, మూసే వేళయింది. ఇంటికొచ్చి అమ్మకి ఆ సగం నోటితో చెప్పాను. పెళ్లి చూపుల దగ్గర చేతులు దాచుకునే చోటు చెప్తే అమ్మ ఒత్తులు చేసుకుంటున్న దూది పక్కన పెట్టేసి, "మరి ఆళ్లు చూసేసినారా?" అంది. ఏమో, ఇంకా చదవలేదు అన్నాను. మర్నాడు శుక్రవారం, లైబ్రరీకి సెలవు. శనివారం నుంచి పెళ్లిళ్ల జాకెట్లు వచ్చిపడి కదల్లేదు. ఇప్పటికి తొమ్మిది రోజులైంది, రోజూ సాయంత్రం నేను షాపు మూసి ఇంటికెళ్లగానే అమ్మ అదే అడుగుతోంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం.