కూసింది ఎవరి కంప్యూటర్?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో స్కూబా డైవింగ్ మీద మీరు వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. 'చేతికి డైవ్ కంప్యూటర్ ఉంటే ఇక భయం లేదు, ఇద్దరికి ఒకటి చాలు' అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక డైవింగ్ నేర్చుకున్నదాన్ని. ఆ మాట నమ్మి ఎవరైనా నీళ్లలోకి దిగుతారేమోనని ఈ ఉత్తరం.

గడియారంలా మణికట్టుకు కట్టుకుంటే, నీటి కింద ఎంతసేపు ఉండొచ్చో, ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే యంత్రం అది. కానీ మన ఒంట్లో నత్రజని ఎంత చేరిందో అది కొలవదు. అది చూసేది నీటి పీడనం, గడిచిన సమయం. మిగతాదంతా లెక్క. సముద్రంలో పది మీటర్లు దిగేసరికి పీడనం రెట్టింపవుతుంది, పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోకీ కండల్లోకీ కొవ్వులోకీ కరుగుతూ పోతుంది. అది ఊపిరితిత్తుల దారిన బయటికి పోయే వ్యవధి ఇవ్వకుండా పైకొస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు రావచ్చు, వెన్నుపామే దెబ్బతినవచ్చు. మేకల మీద ప్రయోగాలు చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ బృందం 1908లో శరీరాన్ని, నత్రజని ఒక్కో వేగంతో నిండే ఐదు ఊహాజనిత అరలుగా లెక్కగట్టింది. ఒక్కో అర సగం నిండడానికి 5 నిమిషాల నుంచి 75 నిమిషాల దాకా. నేను పిల్లలకు చెప్పిన అర్ధాయువు పాఠమే! తరవాత స్విట్జర్లాండ్ వైద్యుడు బ్యూల్‌మాన్ ఆ అరలను 16 చేశాడు. అన్నిటికన్నా నెమ్మదైనదానికి 635 నిమిషాలు. ఇవాళ చాలా కంప్యూటర్లు నీటి కింద విడవకుండా వేసే లెక్క ఇదే.

ఇక మా సంగతి. నేనూ మా వారూ 18 మీటర్ల లోతు నుంచి పైకి వస్తున్నాం, ఎవరి కంప్యూటర్ వారికే. 7 మీటర్ల దగ్గర కీచుకీచుమని కూత. నీళ్లలో ధ్వని గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఏ వైపు నుంచి వస్తోందో చెవులు పోల్చుకోలేవు. నాది కాదులే అని ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూస్తున్నారు. నీదంటే నీదని వేళ్లు చూపించుకుంటూ ఇంకో రెండు మీటర్లు లేచాం. తీరా మణికట్టు తిప్పి చూస్తే నాదే. వేగం చూపే గళ్లు పైదాకా నిండిపోయి మిణుకుమంటున్నాయి. నిమిషానికి 9 మీటర్లు దాటవద్దని నేర్పారు; నేను 14లో ఉన్నాను.

కారణం నేను పాఠం చెప్పిన బాయిల్ నియమమే. నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్ ఒకటి వేసుకుంటాం. అందులో మిగిలిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ ఇంకా లేపుతుంది. దానికి తోడు డైవ్ చివరికి సిలిండర్ రెండు కిలోల దాకా తేలికవుతుంది, లోపలి గాలి ఖర్చయిపోయి. నేను బెండులా తేలిపోతున్నాను. జాకెట్ గాలి వదిలి, 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని, నత్రజని బయటికి పోవడానికి అక్కడ ఆగాల్సిన మూడు నిమిషాలూ తెర మీద సున్నాకి వచ్చేదాకా వేలాడాను. ఇంత పొడుగు మూడు నిమిషాలు ఏ పరీక్ష హాల్లోనూ చూడలేదు.

ఇక ఇద్దరికి ఒకటి ఎందుకు చాలదో చెబుతాను. మా వారు ఎప్పుడూ నాకన్నా రెండు మీటర్లు కిందే తిరుగుతారు, ఒక్కోసారి నేను రాని డైవ్ ఒకటి పొద్దున్నే చేసి ఉంటారు. ఆయన ఒంట్లో మిగిలిన నత్రజని సంగతి నా కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? నేను రాత్రి సరిగా నిద్రపోలేదనీ, చలికి వణుకుతున్నాననీ నా కంప్యూటర్‌కే తెలియదు. రెండూ వేరు వేరు లెక్కలు చూపిస్తే ఎక్కువ జాగ్రత్త చెప్పినదాన్నే ఇద్దరం పాటిస్తాం.

ఇంకొకటి. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు. వచ్చే ఆదివారం ఈ రెండు విషయాలకూ సవరణ వేయగలరు.

మా వారు మాత్రం ఆనాటి నుంచి ఎక్కడ ఏ కూత వినిపించినా ముందు నా చేతి వైపే చూస్తున్నారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు