మేడమీద రేకుల కింద కట్టేసిన కుక్కల గురించి

సంపాదకులకు నమస్కారం.

వడదెబ్బ తగలకుండా మనుషులు తీసుకోవలసిన జాగ్రత్తలను మీ పత్రిక ఏటా వివరంగా రాస్తుంది. వాటితో పాటు కుక్కల గురించి కూడా నాలుగు మాటలు రాయమని కోరుతున్నాను.

విజయవాడ ఎండల సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. చుట్టూ రాతికొండలు, మధ్యలో సిమెంటు మేడలు. రోహిణి కార్తె వచ్చేసరికి రాత్రి పదింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. ఇలాంటి ఊళ్లో సత్యనారాయణపురం నుంచి పటమట దాకా ఎన్నో మేడల మీద, రేకుల షెడ్డు కింద, గొలుసుతో కట్టేసిన కుక్కలు కనిపిస్తాయి. ఇంట్లో వెంట్రుకలు రాలుతున్నాయనో, పూజగది ఉందనో, అద్దెకున్నవాళ్లు భయపడుతున్నారనో వాటిని పైకి పంపిస్తారు. చలికాలంలో అయితే సరే. మే నెల మధ్యాహ్నం ఆ రేకు కింద మనం కాసేపైనా నిలబడలేం. షెడ్డు వేశాం కాబట్టి నీడ ఉందని యజమానులు నిజంగానే నమ్ముతారు. వాళ్లకు కుక్క మీద ప్రేమ లేదని నేననను. కానీ కాలిన రేకు వేడినంతా కిందికే దింపుతుంది, గొలుసున్న కుక్క ఇంకో చోటికి జరగలేదు, గిన్నెలో ఉదయం పోసిన నీళ్లు పన్నెండింటికల్లా కాగిపోతాయి.

మనకు ఒళ్లంతా చెమట పట్టి, అది ఆరినప్పుడు శరీరం చల్లబడుతుంది. కుక్కకు చెమట ముఖ్యంగా అరికాళ్లలోనే పడుతుంది, ఆ కాస్త చెమట దాని ఒంటిని చల్లబరచలేదు. నాలుక చాపి రొప్పడమే దానికున్న దారి. ఉక్కపోత ఎక్కువైతే అదీ సరిగా పనిచేయదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. 105 దాటితే ప్రాణాపాయం. ఇంకా పెరిగితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి. చప్పిడి ముక్కు పగ్, షిట్జూ, బుల్‌డాగ్ జాతులకు గాలి సరిగా ఆడదు కాబట్టి వాటికి ఇంకా త్వరగా ముప్పు వస్తుంది. మంచు దేశాల్లో బళ్లు లాగే హస్కీని ముచ్చటపడి కొని బెజవాడకు తీసుకురావడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు బాగా ఎర్రబడి, తూలుతూ నడుస్తుంటే అది వడదెబ్బే అనుకోవాలి. వెంటనే నీడలోకి తెచ్చి, ఫ్యాను కింద పడుకోబెట్టి, పొట్ట, తొడల సందులు, పాదాలు నీళ్లతో తడపాలి. మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు వేడిగా ఉంటాయి కాబట్టి ఒక బకెట్ నీళ్లు ఉదయమే పట్టి ఇంట్లో ఉంచుకోవాలి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు కాలుతోందని మనం వేసుకునే జ్వరం మాత్రలు అస్సలు వేయకూడదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషమయ్యే ప్రమాదం ఉంది. కాసేపటికి లేచి తిరిగినా డాక్టరుకు చూపించి తీరాలి, ఎందుకంటే లోపలి నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు.

షికారుకు తీసుకెళ్లేవారు తారురోడ్డు మీద ముందు తమ అరచేతి వెనుక భాగం ఆనించి చూడాలి. కొన్ని క్షణాలు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. బందరు రోడ్డు సాయంత్రం ఆరింటికి కూడా చల్లారదు, తెల్లవారుజామే మేలు. ఒత్తుగా బొచ్చున్న కుక్కలకు గుండు గీయించకుండా రోజూ దువ్వితే చాలు, ఆ బొచ్చే ఎండ చర్మానికి తగలకుండా కాపాడుతుంది. పిడుదులు పెరిగే కాలం కూడా ఇదే కాబట్టి చెవుల లోపల, కాలివేళ్ల మధ్య చూస్తుండాలి.

ఇక వీధి కుక్కలు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో వాటికి తాగడానికి మిగిలేది మురుగే. ప్రతి కూడలిలో మనుషులకు చలివేంద్రం పెడతాం. దాని పక్కనే ఎత్తు తక్కువ సిమెంటు తొట్టి ఒకటి ఉంచి, రెండు పూటలా నీళ్లు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. నీళ్లు పెడితే కుక్కలు పెరుగుతాయని అభ్యంతరం చెప్పేవారున్నారు. కుక్కకాటు భయం నిజమైనదే, పిల్లలున్న ఇళ్లవాళ్ల ఆందోళనను కొట్టిపారేయలేం. దానికి 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పిన శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు ఉన్నాయి, వాటిని నగరపాలక సంస్థ వేగంగా జరిపించాలి. దాహంతో చంపడం ఆ పనికి బదులు కాదు.

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం చాలినంత తిండి, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడమూ, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడమూ నేరాలే. కేసులు పెట్టమని నా కోరిక కాదు. అపార్టుమెంటు సంఘాలు ఈ రెండు నెలలూ మేడమీది కుక్కలను మధ్యాహ్నం సెల్లార్‌లో ఉంచనిస్తే చాలావరకు గండం గడుస్తుంది. పశుసంవర్ధక శాఖ నగరంలోని పశువైద్యశాలలను జూన్ దాకా రాత్రి ఎనిమిదింటి వరకు తెరిచి ఉంచాలి. 1962 నంబరుతో నడిచే సంచార పశువైద్య వాహనాల్లో ఒకదాన్ని మధ్యాహ్నం వేళల్లో నగరానికి కేటాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ