హెచ్‌పీవీ ఎవరికి సోకుతుంది, ఎవరిలో నిలిచిపోతుంది

సభ్యులందరికీ నమస్కారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై మన గ్రూపులో జరిగిన చర్చలో, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) నడవడి సరిగా లేనివారికే సోకుతుందన్న మాట వినిపించినందున ఈ వివరణ రాస్తున్నాను.

ఆ మాట నిజం కాదు. ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా వ్యాపించే ఈ వైరస్, లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. చిన్న వయసులోనే ఆ జీవితం మొదలుకావడం, ఒకరికి మించి భాగస్వాములు ఉండడం ముప్పును పెంచుతాయి; అయితే భర్తను తప్ప వేరొకరిని ఎరుగని స్త్రీకి కూడా, భర్తకు గతంలోనో ఇప్పుడో ఇతరులతో ఉన్న సంబంధం వల్ల ఇది రావచ్చునన్న సంగతిని మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. కండోమ్ కప్పని చర్మం నుంచి కూడా వైరస్ సోకగలదు కనుక దాని రక్షణ కొంతవరకే.

సోకినంత మాత్రాన క్యాన్సర్ రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దీన్ని తొలగించుకుంటుంది. పొగతాగేవారిలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో, ముఖ్యంగా హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇది ఏళ్ల తరబడి నిలిచిపోయే అవకాశం ఎక్కువ; అలా నిలిచిపోయినప్పుడే క్యాన్సర్ ముప్పు. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీలో 16, 18 అనే నంబర్లతో పిలిచే రెండు రకాలే కారణం.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలున్న తల్లులు హెచ్‌పీవీ టీకా గురించి వైద్యులను అడగండి. 30 దాటిన వారు, టీకా వేయించుకున్నా, ఏ లక్షణమూ లేకపోయినా, ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.