మా పాపకి తన తిండి తిరిగి ఇప్పించిన వాళ్ళందరికీ

ఈ పోస్టు రాయాలని రెండు నెలల నుంచి అనుకుంటున్నా, కూర్చున్న ప్రతిసారీ ఎవరితో మొదలుపెట్టాలో తెలియక వదిలేస్తున్నా. ఈ రోజు పొద్దున పాప గ్లాసుడు పాలు తాగేసి ఇంకా కావాలి అంది. ఇంక ఆగలేకపోయా.

పాపకి ఇప్పుడు మూడో ఏడు. ఐదో నెల నుంచీ ఎగ్జిమా ఉంది, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెట్టే జబ్బు, ముందు బుగ్గల మీద వచ్చింది, తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల. ఈ బాధ ఉన్న ఇళ్ళల్లో వాళ్ళకి తెలుసు, రాత్రి చీకట్లో గీరుకునే చప్పుడు ఒకటి ఉంటుంది, పొడి కాగితం మీద గోరు లాగినట్టు. ఎంత గాఢ నిద్రలో ఉన్నా ఆ చప్పుడుకి లేచేదాన్ని. తెల్లారితే దుప్పటి మీద చిన్న చిన్న రక్తం చుక్కలు.

ఏడాది వయసులో మొదటిసారి గుడ్డు పెట్టాం, ఇరవై నిమిషాల్లో పెదాలు వాచిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు. వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాం, తగ్గింది. కానీ ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే నాటుకుపోయింది, ఈ ఎగ్జిమా మొత్తం తిండి వల్లేనని. గుడ్డు మానేశాం, అది సరైన పనే. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఒళ్ళు ఎర్రబడిన ప్రతిసారీ ఆ రోజు ఏం తిన్నదో చూడటం, అది కూడా ఆపేయడం. పాలు ఆపా, తర్వాత గోధుమ, సోయా, పల్లీలు, చేపలు, చివరికి టమాటా కూడా. మధ్యలో ఎవరో చెప్తే ఒక పెద్ద బ్లడ్ టెస్టు చేయించాం, బోలెడు ఆహారాలకి ఎర్ర గుర్తులు వచ్చాయి, వాటినీ ఆపేశా. ఇంత పత్యం చేయించినా ఎగ్జిమా తగ్గలేదు, పాప బరువు మాత్రం ఐదు నెలలు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

అప్పుడు కలిశారు ఆవిడ. స్కిన్ డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చుని, పాప చేతులు చూసి, వాళ్ళ బాబుకీ ఇదే ఉండేదని చెప్పి, ఏం పెడుతున్నారు అని అడిగారు. నేను చెప్పిన లిస్టు విని ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా టోకెన్ చీటీ వెనక ఒక అలర్జీ డైటీషియన్ పేరు రాసిచ్చి, ఇంకేదీ ఆపకండి, ముందు వీళ్ళని కలవండి అన్నారు. ఆవిడ పేరు అడిగేలోపే మా నంబర్ పిలిచారు.

డైటీషియన్ మేడమ్ గురించి ఎంత రాసినా తక్కువే. నేను రాసుకున్న నోటుబుక్కు మొత్తం, పేజీ కూడా వదలకుండా, నా ముందే కూర్చుని చదివారు. చదివి, ఇందులో తిండి తప్ప ఇంకేమీ లేదు కదమ్మా అన్నారు. నిజమే, ఏం తిన్నదో గంటా నిమిషాలతో రాశా కానీ ఆ రోజు జలుబు ఉందా, చెమట పట్టిందా, ఉన్ని బట్టలు వేశామా, క్రీమ్ రాశామా లేదా, ఒక్కటీ రాయలేదు. ఇంకోటి, గుడ్డుకి వచ్చినట్టు వెంటనే వచ్చే రియాక్షన్ నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుందట, ఎగ్జిమాని రేపే రకం మాత్రం కొన్ని గంటల నుంచి రెండు రోజుల దాకా టైమ్ తీసుకోవచ్చట. మరి నేను మంగళవారం ఎర్రబడితే మంగళవారం తిన్నదాన్ని ఆపేస్తూ వచ్చా కదా, ఆ లెక్కే తప్పు.

టమాటా గురించి చెప్పినప్పుడైతే నాకు ఏడుపొచ్చింది. మూతి చుట్టూ మాత్రమే ఎర్రగా అవుతుందా, లోపలికి వెళ్ళాక ఇంకెక్కడైనా వస్తుందా అని అడిగారు. మూతి చుట్టూనే. అది పులుపు తగిలి మండటమే, అలర్జీ కాదు, తినే ముందు మూతి చుట్టూ కాస్త పెట్రోలియం జెల్లీ రాయి చాలు అన్నారు. ఎనిమిది నెలలు టమాటా పెట్టలేదు నేను.

ఆ బ్లడ్ టెస్టు ఐజీజీ టెస్టు. అది ఒంటికి ఏ తిండి అలవాటైందో చెప్తుందంతే, అలర్జీ ఉందని కాదు, పక్కన పెట్టేయమన్నారు. అలర్జీ డాక్టర్ చేత ప్రిక్ టెస్టు చేయించారు, అంటే చేతి మీద ఒక్కో ఆహారం చుక్క వేసి సూదితో చిన్నగా గుచ్చి చూడటం, దానికోసం దురద తగ్గడానికి వాడే సిరప్ కొన్ని రోజుల ముందే ఆపించారు. చేతి మీద వచ్చే పొంగు మూడు మిల్లీమీటర్లు గానీ పైన గానీ ఉంటే పాజిటివ్ అంటారు. గుడ్డుకి ఏడు వచ్చింది, పాలకి సరిగ్గా మూడు, మిగతావాటికి ఏమీ లేదు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన తింటే రియాక్షన్ వస్తుందని రాసిపెట్టి ఉండదు, తినిపించి చూస్తేనే తేలుతుంది అన్నారు. ఇంత కాలం ఆపేసిన తిండిని ఇంట్లో ఉన్నట్టుండి పెట్టొద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ఎగ్జిమా పిల్లలకి ఒక ఆహారం చాలా రోజులు ఆపితే అంతకు ముందు పడినది కూడా తర్వాత వెంటనే రియాక్షన్ ఇచ్చే ప్రమాదం ఉంటుందట. ఈ మాట నాకు ముందే తెలిసుంటే నేను పాలు ఆపేదాన్నే కాదు. దయచేసి ఎవరూ సొంతంగా ఆపొద్దు.

పాలు హాస్పిటల్లోనే మొదలుపెట్టారు. ఆ రోజు నర్స్ సిస్టర్‌ని జన్మలో మర్చిపోను. ముందు కొన్ని చుక్కలు, కాసేపాగి ఒక చెంచా, మళ్ళీ కాసేపాగి ఇంకొంచెం. ప్రతి చెంచాకీ టైమ్ రాసుకుని, పాప పొట్ట మీద చొక్కా ఎత్తి చూసి, పెదాలు చూసి, బొమ్మ ఇచ్చి ఆడించి, మధ్యమధ్యలో నా చెయ్యి కూడా పట్టుకున్నారు. చివరి డోసు అయ్యాక రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. తర్వాతి రెండు రోజులు కూడా ఇంట్లో గమనించాం, ఏమీ రాలేదు. ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటిగా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొన్ని రోజులు ఆగి, మేడమ్ చెప్పిన వరుసలో వెనక్కి తెచ్చాం. చివరికి మిగిలింది గుడ్డు ఒక్కటే.

మరి ఎగ్జిమా ఎలా తగ్గింది అంటారా, చర్మాన్ని చూసుకోవడం వల్ల. నేను తిండి వల్ల చర్మం పాడైందనుకున్నా, స్కిన్ డాక్టర్ గారు చెప్పింది చాలామంది పిల్లల్లో వరుస తిరగేసి ఉంటుందని. చర్మం ముందే పల్చబడి, పగిలి ఉంటుంది, ఆ పగుళ్ళల్లోంచి తిండి తాలూకు కణాలు లోపలికి పోయి ఒళ్ళు వాటిని శత్రువుల్లా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే వారానికి పావు కిలో క్రీమ్ అయినా అవ్వాలన్నారు, మేం అప్పటిదాకా నెలకి కూడా అంత వాడలేదు. స్టెరాయిడ్ క్రీమ్ అంటే భయపడి చుక్కలు చుక్కలుగా రాసేదాన్ని, సిస్టర్ నా చూపుడు వేలు చివరి కణుపు మీద ట్యూబ్ నొక్కి, ఇంత రాస్తే పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది అని చూపించారు. మూడు వారాల్లో దుప్పటి మీద చుక్కలు ఆగిపోయాయి.

మా వదినకి, ఇంట్లో గుడ్డు వండే గిన్నె, గరిట వేరు చేసి, ప్యాకెట్ల మీద అల్బుమిన్ అని ఉన్నా గుడ్డే అని అందరికీ నేర్పించినందుకు. ప్లేస్కూల్ టీచర్ గారికి, పుట్టినరోజు కేకు వచ్చిన ప్రతిసారీ పాప చిన్నబుచ్చుకోకుండా తనకి వేరేది పక్కన రెడీగా పెట్టినందుకు. మా ఆయనకి, రాత్రిళ్ళు పాప చేతులు పట్టుకుని కూర్చున్నందుకు. అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా.

వచ్చే నెల హాస్పిటల్లో బాగా బేక్ చేసిన గుడ్డు పెట్టి చూస్తామన్నారు, మామూలు గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి అలా ఎక్కువసేపు కాల్చింది పడుతుందట. భయంగానే ఉంది, కానీ ఈసారి ఒక్కదాన్నే లేను.

వెయిటింగ్ హాల్లో కలిసిన ఆవిడా, ఈ పోస్టు ఎలాగైనా మీదాకా రావాలి. చీటీ రాసిచ్చిన మీ నీలం పెన్ను నా దగ్గరే ఉండిపోయింది. ఒక్క మెసేజ్ పెట్టండి, పాపని తీసుకుని వచ్చి మీకు చూపించాలి.