మందులు రాసేవారున్నారు, ఆపేవారెవరు?

సంపాదకులకు,

వృద్ధాశ్రమాల్లో ఉంటున్న పెద్దల మందుల గురించి ఈ లేఖ. గుండెకు ఒక డాక్టరు, షుగరుకు ఒకరు, మోకాళ్లకు మరొకరు, నిద్రకు ఇంకొకరు మందులు రాస్తారు. ఎవరు రాసింది వారికి సబబే కావచ్చు. అవన్నీ కలిసి ఆ ఒంట్లో ఏం చేస్తున్నాయో చూసే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. రోజూ అయిదు లేదా అంతకు మించి మందులు వాడటాన్ని సాధారణంగా పాలీఫార్మసీ అంటారు. అయిదు దాటితే తప్పేననడం లేదు, కొందరికి పది మందులూ అవసరమే. ఏది ఎందుకు వేస్తున్నారో చెప్పగలిగే మనిషి లేకపోవడమే నా బాధ.

బీపీకి వాడే ఆంలోడిపిన్‌నే తీసుకోండి. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపును కొత్త జబ్బనుకుంటే నీరు తీసే మాత్ర వచ్చి చేరుతుంది. ఇక రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవాలి. నిద్ర చెడిందంటే నిద్రమాత్ర రాస్తారు. ఆ మత్తులో లేచి నడిచే పెద్దావిడ పడి తుంటి ఎముక విరిగితే, వయసు మీద పడింది కదా అని అందరం సరిపెట్టుకుంటాం. మొదటి మాత్రను మార్చి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

వయసుతో మూత్రపిండాల శక్తి తగ్గుతుంది కనుక యాభైలో సరిపోయిన మోతాదు ఎనభైలో ఎక్కువ కావచ్చు. షుగరు తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకుని సరిగా తినలేకపోయిన పెద్దలకు షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. అప్పటి తికమకను మతిమరుపుగా పొరబడటం చాలా తేలిక.

ఇదేమీ వైద్యలోకానికి తెలియని విషయం కాదు. వృద్ధుల ఆశ్రమాల్లో ఉండేవారికి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం 1991లోనే ప్రకటించింది. 2023లో కూడా దాన్ని సవరించారు. మందుల వల్ల కలిగే హానిని తగ్గించాలంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేపట్టిన కార్యక్రమంలో పాలీఫార్మసీ ఒక ముఖ్యాంశం.

మందులు అందించే సిబ్బందిని నేను తప్పుపట్టను. మింగలేని వారికి మాత్ర నూరి ఇవ్వడం వారి దయే. కానీ నెమ్మదిగా కరిగేలా తయారు చేసిన మాత్రను నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. ఆ సంగతి వారికి ఎవరైనా చెప్పారా?

ఆశ్రమంలో చేరినప్పుడు, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినప్పుడు, ఆపైన కనీసం ఆరు నెలలకోసారి డాక్టరు, ఫార్మసిస్టు కలిసి ఒక్కొక్కరి మందుల చీటీ మొత్తం పరిశీలించాలని ప్రభుత్వాలు నిబంధన పెట్టాలి. ప్రతి మందు పక్కన కారణం, ఎంతకాలం వాడాలన్నది రాయాలి. ఆ పెద్దల్నీ కూర్చోబెట్టి అడగాలి, కళ్లు తిరుగుతున్నాయా, నోరు ఎండుతోందా అని. కుటుంబసభ్యులు కంగారుపడి సొంతంగా ఏదీ మాన్పించకూడదు. నిద్రమాత్రలు, కొన్ని గుండె మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వైద్యులే వాటిని మెల్లగా తగ్గించాలి.

ఈ పనికి విడిగా డబ్బు కేటాయించడం తప్పనిసరి. కొత్త మందు రాయడానికి రెండు నిమిషాలు చాలు. పాతది ఆపాలంటే రోగి చరిత్రంతా చదవాలి, ఆపాక కొన్ని వారాలు కనిపెట్టి ఉండాలి. ఆ సమయానికి వేతనం ఇవ్వకుండా నిబంధన ఒక్కటే పెడితే రిజిస్టరులో సంతకాలు మాత్రమే పడతాయి.

— ఒక పాఠకురాలు