జ్ఞానస్నాన పుస్తకంలో మా నాయనమ్మ

సంపాదకులకు నమస్కారాలు.

గత నెలలో మా నాయనమ్మ తన తొంభై అయిదో ఏట కన్నుమూసింది. సమాధి ప్రార్థనలు ముగిశాక మా కతోలిక విచారణ (పారిష్) గురువులు మరణాల పుస్తకం తెరిచి పేరు, వయసు, భర్త పేరు, అవస్థ అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసే సంస్కారం) అందిన తేదీ ఒక్కొక్కటిగా అడిగి రాసుకుంటూ, "వృత్తి" అన్న గడి దగ్గర ఆగి మా నాన్న వైపు చూశారు. నాన్న కాసేపు ఆలోచించి "ఇంటిపనేనండీ" అన్నారు. నేను ఉండబట్టలేక "వ్యవసాయం అని రాయండి ఫాదర్ గారూ" అన్నాను. నాన్న కాదనలేదు. ఫాదర్ గారు అదే రాశారు. బతికున్నంత కాలం ఏ కాగితంలోనూ ఆమెకు ఆ మాట దక్కలేదు. పట్టాదారు పాసు పుస్తకం ముందు తాతయ్య పేరున, ఆ తరువాత నాన్న పేరున ఉంది. వృత్తి అడిగిన ప్రతి దరఖాస్తులోనూ ఆమె గృహిణే.

మా ఊరు నరసరావుపేటకు దగ్గర. నల్లరేగడి నేల. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలక ముందు అదంతా వానకు మొగం వాచిన మెట్ట. జొన్న, కంది, వరిగ, ఆముదం తప్ప మరొకటి పండేది కాదు. నాయనమ్మ పుట్టింటివారికి ఒక జత ఎడ్లు, ఎనిమిది ఎకరాలు ఉండేవి. మగపిల్లలు లేని ఆ ఇంట్లో పెద్దకూతురుగా పదేళ్ల వయసు నుంచే ఆమె తండ్రి తోలే గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో (గింజ పోసే గిన్నెలో) గింజ విడిచేది. సాలు పొడవునా గింజ ఒకచోట కుప్పపడకుండా, మరోచోట వెలితి రాకుండా పిడికిట్లోంచి జార్చడం ఎంత నేర్పుతో కూడిన పనో చేసినవారికే తెలుసు. మొదటి పిడికిలి విడిచే ముందు నుదుటి మీద సిలువ గుర్తు వేసుకోవడం ఆమెకు తండ్రి నేర్పిన అలవాటు. మా నాన్న ట్రాక్టరుతో విత్తనం వేయించే రోజుల్లో కూడా గట్టు మీద నిలబడి ఆ గుర్తు వేసేది.

ఆమె భక్తిని నేను దగ్గరగా చూసింది మాత్రం మిరప కల్లంలోనే. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఎండిన కాయల ముందు కూర్చుని రంగు మారిన తాలు ఏరుతూ జపమాల చెప్పేది. కారం చేతులతో పూసలు ముట్టకూడదని జపమాలను కొంగున ముడివేసుకుని, పది మంగళవార్త జపాలు పూర్తికాగానే ఒక తాలుకాయను మోకాలి పక్కన వేరుగా పెట్టేది. అయిదు కాయలు వరుసగా చేరాయంటే ఒక జపమాల అయినట్టు. వాటిని కుప్పలోకి తోసేసి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. సాయంత్రానికి ఎన్ని జపమాలలు అయ్యాయని అడిగితే "లెక్క ఆ తల్లికి తెలుసులే అమ్మా" అనేది. తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టిన 1987-88లో మా ఇంటికీ అప్పులు మిగిలాయి. ఆ ఏడాది ఆమె చెవుల దుద్దులు అమ్మి కౌలు కట్టింది. దాని గురించి తరువాత ఎన్నడూ మాట్లాడలేదు.

ఆమె జపాల్లో నన్ను ఆకట్టుకున్నది భాష. ఎడ్లను, కోడళ్లను, మమ్మల్ని అందరినీ "నువ్వు" అనే మనిషి, కళ్లు మూసుకోగానే "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము, ఏలినవారు మీతో ఉన్నారు" అంటూ దేవమాతను గౌరవంగా "మీరు" అనేది. పరలోక జపంలో సర్వేశ్వరుణ్ణి కూడా "మీ నామము పూజింపబడును గాక" అనే వేడుకునేది. తెలుగు కతోలికుల పాత ప్రార్థనలకే చెందిన మర్యాద ఇది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్ (యేసు సభ) గురువుల చేతుల మీదుగా రాయలసీమలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, తరువాత గుంటూరు సీమకు వలస వచ్చిన రైతు కుటుంబాలు ఈ జపాలను వెంట తెచ్చుకున్నాయి. 1773లో జెసూట్ సభ రద్దయ్యాక, గురువుల రాక అరుదైన దశాబ్దాల్లో వాటిని నిలిపింది మతబోధ చేసే ఉపదేశులూ, ఇళ్లలోని ముసలమ్మలూ. మా బంధువర్గంలో ఇప్పటికీ కనిపించే రాయపురెడ్డి, చిన్నపరెడ్డి, ఇన్నాసమ్మ, శౌరమ్మ వంటి పేర్లు పేతురు, పౌలు, ఇగ్నేషియస్, జేవియర్‌ల పేర్లకు తమిళ దేశం మీదుగా వచ్చిన రూపాలు.

నాయనమ్మ చిన్నతనంలో పూజ లాటిన్‌లో జరిగేది. అర్థం తెలియని పూజ నడుస్తున్నంతసేపూ ఆడవాళ్లు ఒక పక్కన కూర్చుని తెలుగులో జపమాల చెప్పుకునేవారట. రెండో వాటికన్ మహాసభ తరువాత తెలుగు పూజ మొదలైన రోజును ఆమె మరిచిపోలేదు. ఆ రోజు కొంగుముడి విప్పలేదనీ, ఫాదర్ గారు అన్న ప్రతి మాటకూ గొంతెత్తి జవాబు చెప్పాననీ నాతో చెప్పినప్పుడు ఆమె కళ్లు తడిశాయి.

ఇదంతా మీకు రాయడానికి కారణం మా విచారణలోని పాత పుస్తకాలే. నాయనమ్మ వృద్ధాప్య పింఛను కోసం వయసు రుజువు తెమ్మని ఒక కార్యాలయంలో మా నాన్నను మూడుసార్లు తిప్పారు. జనన ధ్రువపత్రం లేదు, బడికి వెళ్లిన దాఖలా లేదు. చివరికి ఆమె పుట్టిన రోజు మా విచారణ జ్ఞానస్నాన పుస్తకంలో లాటిన్‌లో దొరికింది. అది రాసిననాటికి గుంటూరు మేత్రాసనమే (బిషప్ పాలన కింది ప్రాంతం) లేదు. 1940లో నెల్లూరు నుంచి విడివడి ఏర్పడింది. పెళ్లయినప్పుడు ఆ సంగతిని జ్ఞానస్నానపు పద్దు పక్కన కూడా నమోదు చేయాలన్నది శ్రీసభ నియమం కాబట్టి, అదే వరుస అంచున ఆమె పెళ్లి తేదీ, మా తాతయ్య పేరు వేరే సిరాతో ఉన్నాయి. చదువు, ఆస్తి లేని వేలాది తెలుగు పల్లె స్త్రీల పేర్లు, పుట్టిన రోజులు, తల్లుల పేర్లు ఇలా మరెక్కడా లేనంత శ్రద్ధగా ఆ పుటల్లో ఉన్నాయి.

కనుక మన మేత్రాణులందరినీ (బిషప్పులను) నేను వేడుకునేది ఒక్కటే. పాత విచారణల జ్ఞానస్నాన, వివాహ, మరణ పుస్తకాలను పుట పుటా ఫోటోలు తీయించి, ఒక ప్రతిని మేత్రాసన కార్యాలయంలో భద్రపరచండి. ఎవరి వివరాలూ బయట పెట్టమని నేను అడగడం లేదు. కాగితం నశించకముందే రక్షించమని అడుగుతున్నాను. పోప్ ఫ్రాన్సిస్ 2021లో జూలై నాలుగో ఆదివారాన్ని తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మల దినంగా ప్రకటించారు. ఆ రోజున మీ జిల్లా పుటల్లో పొలంలో బతికిన ఇలాంటి ముసలమ్మల జ్ఞాపకాలకు, ఏ మతంవారివైనా సరే, కొంత చోటు ఇవ్వవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

మా విచారణలోని ఆ పుస్తకానికి వెన్ను ఊడిపోయింది. నాయనమ్మ పద్దు ఉన్న పుట మూలను చెద తినేసింది. ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు మిగిలాయి. జ్ఞానతల్లి (జ్ఞానస్నానంలో సాక్షిగా నిలిచిన ఆమె) పేరులో మాత్రం మొదటి రెండక్షరాలే కనిపిస్తున్నాయి. ఆమె ఎవరో చెప్పగలిగినవారు ఇప్పుడు మా ఊళ్లో లేరు.

ఇట్లు,
ఒక మనవరాలు,
పల్నాడు జిల్లా